దిష్టిచుక్క

పదిన్నరకి రమ్మన్నారు. పదిన్నర అంటే వీళ్ల లెక్కలో ఎప్పుడో ఆ గోడ గడియారానికే తెలియాలి, అదేమో నాలుగు నిమిషాలు ముందు నడుస్తోంది, ముందు నడిచే గడియారం కింద కూర్చుంటే ఆలస్యం కూడా ముందే మొదలవుతుంది కాబోలు అనుకుని ఆమె బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. చెక్క బెంచీ, ఒక కాలు పొట్టి, అవతలి చివర కూర్చున్నవాళ్లు కదిలితే ఇవతల తెలుస్తుంది. అవతల కూర్చున్న అమ్మాయి కదలడం లేదు. ముప్పై ఏళ్లుంటాయేమో, ఒళ్లో ప్లాస్టిక్ ఫైలు, ఫైలు మీద రెండు చేతులు, చూపు ఎదురుగా మూసి ఉన్న తలుపు మీద. ఆ అమ్మాయి ఎవరో ఆమెకి తెలుసు, ఆమె ఎవరో ఆ అమ్మాయికి తెలియదు, తెలియకపోవడం ఎంత హాయిగా ఉందంటే అంత హాయి పడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పంతొమ్మిది రోజుల కిందట ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర ఆవిరి పైపు వంపు దగ్గర చీలింది, ఒక్కడంటే ఒక్కడు పోయాడు, ఆ ఒక్కడి భార్య ఈ అమ్మాయి. పైపు ఎందుకు చీలిందో తేల్చడానికి లోపల ముగ్గురు కూర్చున్నారు. దానికి ఇంకా పదకొండేళ్ల ఆయుష్షుందని కాగితం ఇచ్చిన ల్యాబ్ ఆమెది, కాగితం కింద సంతకం ఆమెది.

సంచిలో చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది. ఉంది. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద నల్ల ప్లాస్టిక్ బిళ్ల, మధ్యలో గోరంత ఉక్కు, అద్దంలా నున్నగా. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె చేసేది ఇదే, ఉక్కు ముక్కని గరుకు కాగితం మీద, తర్వాత నున్న కాగితం మీద, చివరికి గుడ్డ మీద మన మొహం మనకి కనపడేదాకా రుద్దడం, యాసిడ్‌లో ముంచి తీయడం, మైక్రోస్కోపు కింద పెట్టి చూడడం. ల్యాబ్‌లో అందరికీ ఆమె పాలిష్ అక్క, ఫోన్లో కొత్తవాళ్లకి అలా చెబితే బూట్ల కంపెనీయా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. పని నేర్పింది అద్దాలాయన. ఆయనకీ అది పెట్టుడు పేరే, ఆయన రుద్దిన ముక్కలో చూసుకుని తల దువ్వుకోవచ్చని. ఐదువందల రెట్లు పెంచి చూడమ్మా, ఉక్కు కూడా పొలమే, మడులు, మడుల మధ్య గట్లు, అనేవాడు. ఏళ్లతరబడి వేడి ఆవిరి మోసిన పైపులో ముందు ఆ గట్ల మీద చీమకన్నాలు పడతాయి, ఒకటి, రెండు, ఆ తర్వాత కన్నానికీ కన్నానికీ దారి పడి గొలుసు కడుతుంది. గొలుసు కట్టిందంటే ఆయన పెద్ద మాటలేమీ వాడేవాడు కాదు, పండింది, అనేవాడు, అంతే, పైపు మార్చేసేవాళ్లు. ఆయన మాట మీద ఎన్ని బాయిలర్లు ఆగాయో, ఒక్క మనిషికీ చర్మం కాలలేదు.

బెంచీ కదిలింది. ఆ అమ్మాయి ఇటు తిరిగి, మీరూ దీనికేనా అండీ అని అడిగింది. అవునమ్మా అంది ఆమె. ఫ్యాక్టరీ మనిషా అంటే, కాదు, ల్యాబ్ అంది. ల్యాబ్ అనగానే ఆ అమ్మాయి మొహంలో ఏమైనా మారుతుందేమోనని చూసింది, ఏమీ మారలేదు, రక్తపరీక్షల ల్యాబ్ అనుకుందో ఏమో, తల ఊపి మళ్లీ తలుపు వైపు తిరిగింది. గొంతు ఇంత మామూలుగా ఎలా ఉంది ఈ పిల్లకి. ఏడ్చేసి ఉంటుంది, పంతొమ్మిది రోజులంటే తక్కువా, కళ్లలో నీళ్లు కూడా ఎక్కడో ఒకచోట నిండుకుంటాయి.

అద్దాలాయన దగ్గర ఒక అలవాటు ఉండేది. పగిలిన పైపుల ముక్కలూ బాగున్నవాటి ముక్కలూ ఒకే ట్రేలో కలిసిపోకుండా, పగిలినవాటి మూలన మాత్రం ఉక్కు గట్టిదనం కొలిచే మిషన్‌తో ఒక్క నొక్కు నొక్కేవాడు. మిషన్‌కి వజ్రపు మొన, మైక్రోస్కోపులో చూస్తే మూలన నాలుగు పలకల నల్లటి మచ్చ. దానికి దిష్టిచుక్క అని పేరు పెట్టింది ఆమే, పనిలో చేరిన మొదటి ఏడు. బాగున్నదానికి కదండీ దిష్టి తగిలేది, పగిలినదానికెందుకు చుక్క అని ఆటపట్టిస్తే, పగిలింది కూడా పాలిష్ పెట్టాక అందంగానే ఉంటుందమ్మా, ఆ అందం చూసి మనం మోసపోకూడదని, అన్నాడు. ఆయన పోయి ఆరేళ్లు, చుక్క పెట్టడం ఆమె మానలేదు. మానే మాటెక్కడిది, అది పెడుతున్నట్టు కూడా ఆమెకి తెలియదు, ముక్క ఆరిందా, పగిలిన పైపుదా, చెయ్యి దానంతటదే మిషన్ వైపు వెళ్లేది. అదిగో, అక్కడ ఉంది కొంప ముంచిన సంగతి, ఆ చేతిలో.

మోడల్ అని లెక్కలాయన మొదటిసారి అన్నప్పుడు ఫ్యాషన్ షో పిల్లేమోనని ల్యాబ్ అటెండరు గుమ్మంలో నిలబడి తొంగి చూశాడు. లెక్కలాయన అంటే ల్యాబ్‌లో కంప్యూటరు చూసే మనిషి, బట్టతల, నెమ్మదైనవాడు, ఎవరి జోలికీ పోడు. మైక్రోస్కోపు ఫోటో చూపిస్తే చాలు, ఈ పైపు ఇంకా ఎన్నేళ్లుంటుందో అదే చెప్పేస్తుందన్నాడు. అటెండరు వెంటనే దానికి చిలక అని పేరు పెట్టాడు, చిలక జోస్యం కదా, ఆ రోజు నుంచి ఎవరొచ్చినా చిలక ఏమందనే అడగడం. ముప్పై ఏళ్ల ఫోటోలు, నాలుగు వేల పైచిలుకు, అన్నీ దానికి నేర్పారు. ఏది పగిలింది, ఏది పగల్లేదు, ఎన్నేళ్లకి పగిలింది అని ఒక్కొక్క ఫోటో కిందా రాసిచ్చింది ఆమే, ఏడాదిన్నర పాటు, మెడలు పట్టేసేలా. ఒకరోజు లెక్కలాయన వచ్చి అడిగాడు, అక్కా, ఈ ఫోటోల్లో మీకు తెలిసి నాకు తెలియనిదేమైనా ఉందా అని. ఎంత మంచి ప్రశ్న. ఎంత సరైన మనిషిని అడిగాడు. ఫోటోలో ఉన్నది ఫోటోలోనే కనిపిస్తోంది కదయ్యా, ఇంకేముంటుంది అంది ఆమె, అబద్ధం చెప్పలేదు, తెలిసి దాచలేదు, ఇరవై అయిదేళ్లు రోజూ చూసిన మచ్చ కంటికి ఆనడం మానేసింది. కొన్ని ఫోటోలు చిలకకి చూపకుండా దాచి, తర్వాత వాటితో పరీక్ష పెడితే నూటికి తొంభై ఎనిమిది సరిగ్గా చెప్పింది. కేకు కోశారు. ల్యాబ్ పెద్దసారు ఆమెని పిలిచి మొదటి ముక్క ఆమె చేతికే ఇచ్చారు, ఇదంతా అక్క కన్నే, కంప్యూటర్లోకి ఎక్కించాం, అన్నారు.

లోపల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. ఫ్యాక్టరీ షిఫ్టు సూపర్‌వైజరు గొంతు, మాటలు అర్థం కావడం లేదు. పదీ యాభై.

నడుస్తున్న పైపుని కోసి ముక్క తేలేరు కదా, అందుకని మెట్లెక్కి అక్కడే పైపు మీద అరచేయంత చోటు రుద్ది, పాలిష్ పెట్టి, యాసిడ్ అద్ది, తడిపిన పల్చటి ప్లాస్టిక్ రేకు అంటించి ఊడదీస్తారు. పైపు మీదున్న మడులూ గట్లూ రేకు మీద అచ్చు పడతాయి, ఆ అచ్చుకి ఫోటో తీసి చిలకకి చూపిస్తారు. తొమ్మిదేళ్లు, పద్నాలుగేళ్లు, ఎనిమిదేళ్లు, అన్నీ మంచి మాటలే. ఫ్యాక్టరీల వాళ్లు చిలకని నెత్తిన పెట్టుకున్నారు. ఒక్క పైపునైనా పండిందని అనలేదేమిటా అని ఒక్కరికీ తోచలేదు, మంచి మాట చెప్పేదాన్ని ఎవరు అనుమానిస్తారు. ఒక్కసారి మాత్రం ఆమెకి అనుమానం వచ్చింది, చిలక పదేళ్లన్న పైపుకి కన్నాలు కనిపిస్తున్నాయని అడ్డం తిరిగింది, నాలుగు రోజులు ఆ బాయిలర్ ఆపించింది, పైపు కోసి చూస్తే లోపలంతా శుభ్రంగా ఉంది. రేకు ఊడదీసేటప్పుడు పడిన గాలిబుడగలు అవి. మీటింగులో పెద్దసారు, అక్కా, కళ్లజోడు మార్చుకోండి, అన్నారు, అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది, తల కొట్టేసినట్టయినా నవ్వింది. ఆ వారమే ఎవరికీ చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళితే, ఎడమ కంట్లో శుక్లం మొదలైంది, ఇంకా ముదరలేదు, ఏడాది ఆగొచ్చు అన్నాడు. ఇంట్లో ఆయనకి కూడా చెప్పలేదు. కన్నే బతుకైన మనిషి కన్ను పోతోందని ఎవరికని చెబుతుంది.

అంచేత ఆ రోజు కూడా కన్నే అనుకోవచ్చు. అనుకోవచ్చు కదా. కంటి దోషమని చెబితే లోపలున్న ముగ్గురూ అయ్యో పాపం అంటారు, ఉద్యోగం పోతుంది గానీ అయ్యో పాపం అంటారు.

ఆ రోజంటే అయిదు నెలల కిందట. బాయిలర్ తమ్ముడు లైటు పట్టుకున్నాడు. ఫ్యాక్టరీలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు, బాయిలర్ చూసుకునే మనిషి, ఎవరు కనిపించినా అక్కా అన్నా అని నోరారా పిలుస్తాడు. ఊగే నిచ్చెన మీద ఆమె రుద్దుతుంటే, ఆమె మోచెయ్యి ఎటు కదిలితే లైటు అటు కదిలింది, ఒక్కసారి కూడా నీడ పడనివ్వలేదు. చెవి పక్క చెమట కారుతుంటే తుడుచుకోలేదు, లైటు కదులుతుందని. రేకు ఆరేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. అతను పైపుని ఎద్దుని తట్టినట్టు తట్టి, ఏమక్కా, ఎన్నేళ్లుంటుంది ఇది అని అడిగాడు. అప్పుడు ఆమె ఏమంది, ఏదో అంది, సరదాగా, అది ఇప్పుడెందుకు, గడియారం పదకొండు కొట్టబోతోంది, మెట్ల దగ్గర ఎవరో బకెట్ దొర్లించారు, నీళ్లు మెట్ల మీదుగా కిందికి పోతున్నాయి. నీకంటే ఎక్కువే బతుకుతుందిలే తమ్ముడూ. అదీ ఆమె అన్న మాట. అతను నిచ్చెన ఊగేలా నవ్వాడు.

మర్నాడు మైక్రోస్కోపు కింద ఆ రేకు పెట్టింది. గట్ల మీద కన్నాలు. ఒకచోట నాలుగు కన్నాలకి దారి పడి గొలుసు. వెంటనే, కన్ను, కన్ను అనుకుంది, గాలిబుడగలు అనుకుంది, కళ్లజోడు మార్చుకోండి అక్కా అనుకుంది. ఇంతవరకూ అందరికీ చెప్పగల కథ. ఆ తర్వాతది ఎవరికీ చెప్పని కథ. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూసింది. శుక్లం లేని కంటితో. రేకు తిప్పి పెట్టి మళ్లీ చూసింది. గాలిబుడగ గుండ్రంగా ఉంటుంది, దాని అంచు మెరుస్తుంది, ఇవి మెరవలేదు. గొలుసు అక్కడే ఉంది. పండింది. నోట్లోంచి మాట పైకి కూడా వచ్చింది, గదిలో ఎవరూ లేరు. పక్కనే కంప్యూటర్లో చిలక పదకొండేళ్లు అంది. ఫారంలో కంటి పరిశీలన అని ఒక గడి ఉంటుంది, అద్దాలాయన కాలం నాటిది, ఎవరూ తీసెయ్యలేదు. ఆ గడిలో, మోడల్ అంచనాతో సమ్మతమే, అని రాసింది. దస్తూరీ కూడా వంకర పోలేదు. మళ్లీ ఆ మీటింగులో ఆ నవ్వు వినలేక రాసింది. అంతే కారణం, ఎంత వెతికినా అంతకంటే పెద్ద కారణం దొరకడం లేదు, ఒక నవ్వుకి జడిసింది.

పైపు చీలాక దాని ముక్క మొన్న ల్యాబ్‌కి వచ్చింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు పాలిష్ పెట్టి ఫోటో తీసి, ఊరికే, చిలకకి చూపించింది. నడిమికి చీలిపోయిన పైపు, ఒక మనిషిని తీసుకెళ్లిపోయిన పైపు, దానికి చిలక పదకొండేళ్లు అంది. చెయ్యి అలవాటుగా లేచి ముక్కని మిషన్ కింద పెట్టి మూలన నొక్కింది. మళ్లీ ఫోటో తీస్తే, ఆయుష్షు లేదు, సున్నా. అప్పుడు చూసింది ఆమె ఆ చుక్కని, ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి. కొత్త పైపు ముక్క ఒకటి, ఇంకా ఆవిరి మొహమే ఎరగనిది, తెచ్చి దాని మూలనా చుక్క పెట్టింది. సున్నా. చిలక మడులూ చూడలేదు, గట్లూ చూడలేదు, నాలుగు వేల ఫోటోల్లోంచి ఒక్క దిష్టిచుక్కని నేర్చుకుంది, చుక్క ఉంటే పగులుతుంది, లేకపోతే పగలదు. దాచి పెట్టిన ఫోటోల్లోనూ చుక్కలున్నాయి గనక పరీక్షలోనూ గెలిచింది. నడుస్తున్న పైపుకి చుక్క ఎవరు పెడతారు. చిలక మంచి మాట చెప్పిన పైపులు ఇప్పటికి రెండువందల పన్నెండు, ఈ నిమిషాన కూడా వాటిలో ఆవిరి పోతోంది, వాటి కింద మనుషులు తిరుగుతున్నారు, లైట్లు పట్టుకుంటున్నారు. ఇది ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

నిన్న పెద్దసారు ఫోన్ చేశారు. మోడల్ ఏం చెప్పిందో చెప్పండి చాలు, మీ కంటి సంగతి ఎవరూ అడగరు, అన్నారు. ఏ కంటి సంగతి, ఫారంలో గడి సంగతా, డాక్టరు సంగతా, తెలిసే అన్నారా, తెలియకా. ఇంట్లో ఆయన కూడా, అడిగినదానికే జవాబు చెప్పు, మీద వేసుకోకు, అన్నాడు పొద్దున చెప్పులేసుకుంటుంటే. నిజమే, అడిగినదానికే చెబితే ఒక్క అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. వాళ్లు అడగబోయే ప్రశ్నలు తొమ్మిది రాసుకుంది, తొమ్మిదింటికీ నిజమైన జవాబులే వచ్చాయి, తొమ్మిది నిజాలూ కలిపితే ఎక్కడా ఆమె లేదు.

తలుపు తెరుచుకుంది. షిఫ్టు సూపర్‌వైజరు బయటికొచ్చి ఇద్దరి వంకా చూడకుండా మెట్ల వైపు వెళ్లిపోయాడు. తలుపు మూసుకునే లోపల ఒక గొంతు వినిపించింది, వాల్వు అలా ఒక్కసారిగా తిప్పేస్తే ఏ పైపయినా ఏమవుతుంది మరి, అని. ఆ అమ్మాయి వేళ్లు ఫైలు అంచు మీద బిగుసుకున్నాయి.

"మా ఆయన అలాంటి మనిషి కాదండీ," అంది, ఆమె వైపు చూడకుండానే. "చెంబుతో నీళ్లు కూడా నెమ్మదిగా వంచేవాడు."

పదకొండూ అయిదు, అంటే పదకొండూ ఒకటి. ఇంకో సంగతి ఉంది, ఇందాకటి నుంచి దాని చుట్టూ తిరుగుతోంది గానీ దగ్గరికి పోవడం లేదు. సంతకం పెట్టిన మూడో వారం వేరే పని మీద ఆ ఫ్యాక్టరీకి మళ్లీ వెళ్లింది. బాయిలర్ తమ్ముడు కనిపించి, ఎక్కడికక్కా అలా పోతారు అని, పరుగున వెళ్లి రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చాడు, మీకు చక్కెర తక్కువ కదూ అని గుర్తుపెట్టుకుని మరీ. ఇద్దరూ నిలబడి తాగారు, అతను ఏవో కబుర్లు చెబుతున్నాడు. నిలబడింది ఆ వంపు కిందే. ఆమె తల పైకెత్తలేదు. గ్లాసు పట్టుకుని రెండడుగులు పక్కకి జరిగి నిలబడింది. తను జరిగింది. అతన్ని జరగమనలేదు.

"ల్యాబ్ వాళ్లెవరండీ," అని ఇక్కడి అటెండరు తల బయట పెట్టాడు.

లేచింది. బెంచీ ఇటు తేలింది. సంచిలోంచి బిళ్ల తీసి, ఇంకా ఏమీ ఆలోచించకముందే, ఆలోచిస్తే చెయ్యి వెనక్కి పోతుందని, ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"ఇది ఆ పైపు ముక్కేనమ్మా. మీ ఆయన తప్పేమీ లేదు. అది అప్పటికే పాడైపోయింది. నేను చూశాను, చూసి కూడా బాగుందని సంతకం పెట్టాను. లోపల ఇదే చెబుతాను, అన్నీ చెబుతాను. ఒకవేళ నేను చెప్పకుండా వస్తే, ఇది తీసుకుని నువ్వు లోపలికి వెళ్లు."

ఆ అమ్మాయి బిళ్ల వంక చూసింది. ఉక్కులో తన కన్ను తనకి కనిపించినట్టుంది, చప్పున వేళ్లు మూసింది. తిడుతుందనుకుంది ఆమె, కొడుతుందనుకుంది, కొడితే బాగుండుననుకుంది.

"పాలిష్ అక్క మీరేనా?" అంది ఆ అమ్మాయి. "మీ గురించి చెప్పాడు. పైపు నాకంటే ఎక్కువ బతుకుతుందట అని, ఇంటికొచ్చి నవ్వాడు."

"అవును."

"ఎప్పుడు చూశారు మీరు?"

"అయిదు నెలలైంది."

అటెండరు మళ్లీ పిలిచాడు. ఆ అమ్మాయి గొంతు పెంచలేదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

"కాగితం మీద రాయలేకపోయారు, సరే. ఆయనకి చెప్పొచ్చు కదా?"

తొమ్మిది ప్రశ్నల్లో ఇది లేదు. లోపల ముగ్గురిలో ఎవరూ ఇది అడగరు, వాళ్ల కాగితాల్లో దీనికి గడి ఉండదు. దీనికి ఫారం అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, పెద్దసారు లేరు, మీటింగు లేదు, నవ్వేవాళ్లు లేరు, టీ గ్లాసు పట్టుకుని ఇటు జరుగు తమ్ముడూ అంటే చాలు. అటెండరు తలుపు పట్టుకుని నిలబడ్డాడు, ఆమె లోపలికి నడిచింది, కుర్చీ చూపించారు, కూర్చుంది. మధ్యలో కూర్చున్నాయన ఫారం ఇటు తిప్పి, ఈ సంతకం మీదేనా అని అడిగాడు. నాదేనండీ అంది. వెనక తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు, సందులోంచి బెంచీ కనిపిస్తోంది, ఆ అమ్మాయి పిడికిలి ఒళ్లో పెట్టుకుని జవాబు కోసం ఇటే చూస్తోంది.